శేఠ్ ఏమంటున్నడంటే

ఉమాకాంత్‌కు నాలుగు భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కార్ఖానాలో గుజరాతీ, సోలాపూర్‌లో ఉన్న తల్లివైపు చుట్టాలతో మరాఠీ. వాళ్ల తాత సిరిసిల్ల వదిలి సోలాపూర్ చేరాడు. తండ్రి అంబదాస్ సోలాపూర్ వదిలి సూరత్ వచ్చి మరమగ్గాల పనిలో పడ్డాడు. ఉమాకాంత్ మాత్రం ఎక్కడికీ పోలేదు. పుట్టిన ఊళ్లోనే, తండ్రి చేసిన పనిలోనే ఉండిపోయాడు.

కార్ఖానాలో అతన్ని మాస్టర్ అంటారు. మగ్గం మొరాయిస్తే బాగుచేయడం, పోగు తెగితే ఎందుకు తెగిందో చూడటం అతని పని. కానీ అక్కడ అతని అసలు పని మాట్లాడటం. మగ్గాలు నడిపేవాళ్లంతా జగిత్యాల, కోరుట్ల వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు గుజరాతీ రాదు, శేఠ్‌కు తెలుగు రాదు. ఈ మాట అటూ ఆ మాట ఇటూ మోసే మనిషి ఉమాకాంత్.

అతను మోసిన మాట ఎప్పుడూ బయల్దేరినట్టు చేరేది కాదు. శేఠ్ తల్లిని కలిపి తిట్టిన తిట్టు అతని నోట్లోంచి "శేఠ్ జర గరమైతుండు, సూసుకొని చెయ్యుండ్రి" అని బయటికొచ్చేది. "గీయన మమ్ముల మనుషుల్లెక్క సూస్తడా లేదా, అడుగన్నా" అని పనివాళ్లు పళ్లు కొరికితే, "శేఠ్, వీళ్లకు మీరే దిక్కు, కొంచెం దయ చూడండి" అని గుజరాతీలో వినబడేది. దాంతో గొడవలు రాజుకోకముందే చల్లారిపోయేవి. ఉమాకాంత్ లేకపోతే ఈ కార్ఖానా నడవదని శేఠ్ అనేవాడు. ఉమాకాంతన్న బంగారం అని పనివాళ్లు అనేవాళ్లు. తాను ఓపికగల మనిషినని ఉమాకాంత్ కూడా అనుకునేవాడు.

ఇంట్లో సంగతి వేరు. భార్య భాగీరథి రోజంతా చీరలకు రాళ్లు అతికించే పని చేస్తుంది. వేళ్ల నిండా జిగురుతోనే వంటకు లేచి, "ఏం వండుమంటవ్?" అని అడిగితే, "నీ ఇష్టం" అంటాడు. కూతురు రుచిత పన్నెండో తరగతి అయ్యాక నర్సింగ్ చేయనా, బీకాం చేయనా అని అడిగింది. "మమ్మీ ఏమంటదో అడుగు" అన్నాడు.

"మమ్మీని అడిగిన పప్పా. తుమ్ బోలోనా, మీకేమనిపిస్తది?"

అతను చాలాసేపు ఆలోచించాడు. ఏమనిపిస్తోందో నిజంగానే తెలియలేదు. రుచిత తనంతట తానే నర్సింగ్‌లో చేరింది. ఆ తర్వాత అతన్ని ఏమీ అడగలేదు.

ఆ కార్ఖానాలో పరమేశ్ అనే కుర్రాడు పనిచేసేవాడు. కోరుట్ల దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి నర్సవ్వ బీడీలు చుట్టి పెంచింది. సూరత్ శివారు డిండోలిలో నలుగురితో కలిసి గదిలో ఉండేవాడు. మందు ముట్టడని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు. కొత్త రంగు గుడ్డ మగ్గం మీదికెక్కినప్పుడల్లా తల్లికి వీడియోకాల్ చేసి, "సూడే అవ్వా, నెమలిరంగు" అని చూపించేవాడు. మగ్గాల మోతలో ఆమెకు ఏమీ వినబడకపోయినా తల ఊపేది.

ఒకసారి పరమేశ్ అతన్ని అడిగాడు. "అన్నా, శేఠ్‌తోని మాట్లాడేటప్పుడు నవ్వుతవేందే?"

"నవ్విన్నా?"

"ఎప్పుడూ నవ్వుతవ్. గాయన తిట్టినా నవ్వుతవ్."

ఉమాకాంత్ దానికీ నవ్వాడు.

ఆ ఏడు వానలు బాగా పట్టాయి. కార్ఖానా రేకుల్లోంచి నీళ్లు కారి మూల మగ్గం దగ్గర నేలంతా తడితడిగా ఉండేది. ఒక పొద్దున పరమేశ్ ఆ మగ్గం ఆపి వచ్చాడు.

"అన్నా, మూల మిషిన్ షాక్ కొడుతున్నదే. చెయ్యి పెడితె జుమ్మంటున్నది. నేను నడుప. శేఠ్‌కు జెప్పు."

ఉమాకాంత్ ఆఫీసు గదిలోకి వెళ్లాడు. శేఠ్ ఫోన్‌లో ఎవరితోనో అరుస్తున్నాడు. పెళ్లిళ్ల సరుకు ఆలస్యమైందట. ఫోన్ పెట్టేసి, ఏమిటన్నట్టు చూశాడు. ఉమాకాంత్ చేతులు కట్టుకుని, "ఏం లేదు శేఠ్, మూల మగ్గం దగ్గర కొంచెం కరెంటు ఇబ్బంది. వీలున్నప్పుడు వైర్‌మన్‌ను పిలిస్తే బాగుంటుంది" అన్నాడు.

"ఈ గుడ్డ తాన్లు దిగనీ, తర్వాత చూద్దాం" అన్నాడు శేఠ్.

ఉమాకాంత్ బయటికొచ్చి పరమేశ్ భుజం తట్టాడు. "శేఠ్ ఏమంటున్నడంటే, వైర్‌మన్‌ను పిలుస్త అంటున్నడు. గప్పటిదాంక జర చెప్పులేసుకొని నడుపు."

పరమేశ్ కాసేపు అతని ముఖం చూశాడు. "నువ్వు చెప్తున్నవ్ గద, సరే" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పరమేశ్ చనిపోయాడు. కేక విని మెయిన్ స్విచ్ లాగింది ఉమాకాంతే. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. చుట్టూ చేరిన మగవాళ్ల ఊపిరి, రేకుల మీద వాన, అంతే వినబడుతున్నాయి. ఉమాకాంత్ పుట్టి పెరిగింది మగ్గాల మోతలో. ఆ నిశ్శబ్దానికి అతని చెవులు నొప్పెట్టాయి.

*

నర్సవ్వ, ఆమె మరిది మొండయ్య రైలు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చారు. శవాన్ని చూసుకున్నాక వాళ్లను కార్ఖానాకు తీసుకురమ్మని శేఠ్ కబురు పెట్టాడు. వాళ్లు రాకముందే ఉమాకాంత్‌ను పిలిచి కూర్చోబెట్టాడు.

శేఠ్ రాక్షసుడేమీ కాదు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మంచి కుర్రాడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "తాగి పనిలోకి వచ్చాడని, తూలి మగ్గం మీద పడ్డాడని పోలీసులకు చెప్పాను. లేకపోతే కార్ఖానా మూతపడుతుంది, అందరి కడుపు కొట్టినట్టవుతుంది. ముసలామెకు మెల్లగా చెప్పు. నీకు చేతనవును" అన్నాడు.

నర్సవ్వ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. శేఠ్ తెప్పించిన కూల్‌డ్రింక్ సీసా ఆమె పక్కన అలాగే ఉంది. శేఠ్ గుజరాతీలో చాలాసేపు మాట్లాడాడు. ఉమాకాంత్ ఆమె ముందు వంగి మొదలుపెట్టాడు.

"అవ్వా, శేఠ్ ఏమంటున్నడంటే, పరమేశ్ ఆయనకు కొడుకసొంటోడట. గా దినం జర తాగొచ్చిండట. పని జెయ్యకని చెప్పినా ఇనలేదట. కాలు జారి మిషిన్ మీద పడ్డడట."

నర్సవ్వ ఏడవలేదు. "తాగిండా?" అంది. తర్వాత, "చేతులెందుకు గట్ల నల్లగైనయ్? పడ్డోని చేతులు గట్లయితయా?" అంది.

శేఠ్ ముందుకు వంగి, "శూఁ కహే ఛే?" అని అడిగాడు, ఏమంటోందని.

"బాగా బాధపడుతోంది శేఠ్" అన్నాడు ఉమాకాంత్.

నర్సవ్వ అతని వైపే చూస్తోంది. "శేఠ్ చెప్పిండు, సరే. నువ్వేమంటవ్ బిడ్డా? నువ్వు ఆడనే ఉన్నవట గద."

నాలుగు భాషల్లోనూ తన మాట కోసం వెతికాడు. నోరు తెరిచాడు. చివరికి ఇన్నేళ్లూ అలవాటైన మాటే బయటికొచ్చింది.

"అవ్వా, శేఠ్ ఏమంటున్నడంటే..."

ఆమె కళ్లు తిప్పేసుకుంది. మొండయ్య వైపు చెయ్యి చాపి, "లేపు నన్ను" అంది.

*

దహనం అశ్వనీకుమార్ శ్మశానంలో జరిగింది. ఊరికి తీసుకుపోయే స్థితిలో శవం లేదు. ఉమాకాంత్ అన్ని పనులూ చేశాడు. కట్టెల దగ్గర గుజరాతీ, బండి దగ్గర హిందీ, వచ్చినవాళ్లతో తెలుగు. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసి మంచం మీద కూర్చున్నాడు.

భాగీరథి పళ్లెం తెచ్చి పెట్టింది. రుచిత కాలేజీ బట్టలు కూడా మార్చకుండా ఎదురుగా నిలబడి అతన్నే చూస్తోంది.

"పప్పా, మీరెందుకు నవ్వుతుండ్రు?"

"ఏంది?"

"నవ్వుతుండ్రు. పరమేశ్ భయ్యా చచ్చిపోయిండు, మీరు నవ్వుతుండ్రు." ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకు డర్ లగ్తా హై మిమ్ముల సూస్తె."

ఉమాకాంత్ చేత్తో తన నోరు తడుముకున్నాడు. నిజమే. పెదవుల చివరలు పైకి లాగి ఉన్నాయి. చెంపలు రాయిలా బిగుసుకుపోయి ఉన్నాయి. వేళ్లతో నొక్కినా వదల్లేదు.

ఆ బిగువు అతనికి తెలుసు. ఎప్పటిదో కూడా అప్పుడే గుర్తొచ్చింది. చిన్నప్పుడు, తల్లిని సర్కారు ఆసుపత్రిలో పడుకోబెట్టినప్పుడు తండ్రి డ్యూటీలో ఉంటే పక్కన ఉన్నది ఉమాకాంతే. గుజరాతీ వచ్చింది వాడికొక్కడికే. ఇంకేం చేయలేం, ఇంటికి తీసుకుపోండని డాక్టర్ వాడితోనే చెప్పాడు. తల్లి మంచం మీంచి, "ఏమంటుండు రా?" అని అడిగింది. వాడు నవ్వు ముఖం పెట్టి, "తక్కువైతదంటుండే, ఇంటికి పొమ్మంటుండు" అన్నాడు. ఆమె నమ్మి, వాడి తల నిమిరింది. ఆమె పోయిన రోజు కూడా వాడు ఏడవలేదు. పిల్లగాడు ఎంత గట్టోడో చూడండని చుట్టాలు మెచ్చుకున్నారు.

ఆ నవ్వు అక్కడ పుట్టింది. అప్పటి నుంచీ అది ముఖాన్ని వదల్లేదు. దాని కింద ఏముందో ఒక్కనాడూ చూసుకోలేదు. ఇప్పుడు చూస్తే అక్కడున్నది భయం. ఎదుటి మనిషి కోపమంటే భయం, ఏడుపంటే భయం, నిజం విన్నాక వాళ్ల ముఖం ఎట్లా మారుతుందో అని భయం. దానికి ఓపిక అని పేరు పెట్టుకుని ఇంతకాలం బతికాడు. అంత భయపడే మనిషి మాటను నమ్మి పరమేశ్ మళ్లీ ఆ మగ్గం దగ్గరికి పోయాడు.

"నాకు భయమైతున్నది" అన్నాడు.

భాగీరథి చేతిలో గరిటె ఆగింది. పెళ్లయినప్పటి నుంచి అతని నోట ఆ మాట విననేలేదు. "దేనికి?"

"ఎప్పటిసందో ఉన్నది. నాకే తెల్వలే." పళ్లెం పక్కకు జరిపి, "రేపు పోలీస్‌స్టేషన్‌ల నర్సవ్వ మాట నేనే చెప్పాలె. ఉన్నదున్నట్టు చెప్త. మిషిన్ షాక్ కొట్టిందని చెప్త" అన్నాడు.

భాగీరథి మంచం అంచున కూలబడింది. "నీకేమన్న దయ్యం పట్టిందా? చెప్పి ఆడ పని చేస్తవా మల్ల? ఏ కార్ఖానల రానిస్తరు నిన్ను? పొయ్యినోడు పొయ్యిండు. నోరు మూసుకొని పో, నోరు మూసుకొని రా."

ఇన్నేళ్లుగా నోరు విప్పవేమని పోరుపెట్టిన మనిషి ఆమె. ఆ సంగతి ఆమెకూ తట్టినట్టుంది, ముఖం పక్కకు తిప్పుకుంది. రుచిత వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

*

పోలీస్‌స్టేషన్‌లో జమాదార్ బల్ల మీద కాగితాలు పరిచి కూర్చున్నాడు. శేఠ్ పక్క కుర్చీలో ఉన్నాడు. నర్సవ్వ, మొండయ్య బెంచీ మీద. ఉమాకాంత్ మధ్యలో నిలబడ్డాడు.

"కొడుకు ఎప్పటి నుంచి తాగుతున్నాడో అడుగు" అన్నాడు జమాదార్.

ఉమాకాంత్ అడిగాడు. నర్సవ్వ లేచి నిలబడింది.

"నా కొడుకు కల్లు గూడ ముట్టడు. సచ్చినోన్ని తాగుబోతును జేస్తుండ్రా? గీ మాటన్నోని నోట్లె మన్నువడ. వాని కడుపున పుట్టినోళ్లు గూడ గిట్లనే కాలిపోను."

ఉమాకాంత్ గుజరాతీలో చెప్పాడు. మన్ను మన్నుగానే చెప్పాడు. కాలిపోవడం కాలిపోవడంగానే చెప్పాడు. చెబుతుంటే అతని ముఖం మీద నవ్వు లేదు. శేఠ్ ఉలిక్కిపడ్డాడు.

"అలా అన్నదా?"

"అన్నది."

జమాదార్ కలం పక్కన పెట్టి, ఏడుపులూ శాపాలూ అక్కర్లేదు, అడిగినదానికే జవాబు చెప్పమన్నాడు.

"ఇప్పుడు చెప్పేది ఆమె మాట కాదు సాహెబ్. నా మాట. రాసుకోండి." తన గొంతు తనకే కొత్తగా, బొంగురుగా వినిపించింది. "ఆ మగ్గం ముందురోజు నుంచే షాక్ కొడుతోంది. పరమేశ్ నాతో చెప్పాడు. నేను శేఠ్‌కు చెప్పాను. అతను తాగలేదు."

శేఠ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ముఖం ఎర్రబడింది. "నాకేం చెప్పావు నువ్వు? కొంచెం ఇబ్బంది అన్నావు. వీలున్నప్పుడు అన్నావు. షాక్ కొడుతోందని అన్నావా? మనిషి చచ్చిపోతాడని అన్నావా? ఆ మాట అంటే నేను పిలవనా వైర్‌మన్‌ను?"

పిలిచేవాడో కాదో ఎవరికి తెలుసు. కానీ శేఠ్ అడిగినదాంట్లో అబద్ధం లేదు.

"అనలేదు" అన్నాడు ఉమాకాంత్. "అది కూడా రాసుకోండి."

నర్సవ్వ అతని చొక్కా పట్టి లాగింది. "ఏందో కొట్లాడుతుండ్రు. ఏమంటుండ్రు? నాకు జెప్పు."

ఉమాకాంత్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇప్పటిదాకా చెప్పిందంతా సులువని అప్పుడు తెలిసింది. మాట తీపి చేయడానికి నాలుక తనంతట తానే తిరగబోయింది. బలవంతాన ఆపుకున్నాడు.

"అవ్వా, మిషిన్ షాక్ కొడుతున్నదని పరమేశ్ నాకు జెప్పిండు. నేను నడుప అన్నడు. నేను పొయ్యి శేఠ్‌కు సరిగ జెప్పలే. భయపడ్డ. తర్వాత సూద్దామన్నడు శేఠ్. నేను బయటికొచ్చి, వైర్‌మన్‌ను పిలుస్తనన్నడని నీ కొడుక్కు అబద్ధం జెప్పిన. చెప్పులేసుకొని నడుపుమన్న."

నర్సవ్వ కళ్లార్పకుండా విన్నది.

"ఏసుకున్నడా?"

"ఏసుకున్నడు."

ఆమె మెల్లగా తల ఊపింది. "చెప్తె ఇంటడు" అంది. "చిన్నప్పటిసంది గంతే. ఏది చెప్పినా ఇంటడు."

మొండయ్య ఒక్క ఉదుటున లేచి ఉమాకాంత్ మెడ పట్టుకున్నాడు. ఉమాకాంత్ విడిపించుకోలేదు. కానిస్టేబుల్ ఒకడొచ్చి లాగేశాడు. జమాదార్ విసుగ్గా ఏదో రాసి, కింద సంతకం చేయమన్నాడు. అందులో అతను చెప్పిందంతా లేదు. ఉమాకాంత్ చదివి, లేనిది రాయమని నిలబడ్డాడు. జమాదార్ తిట్టాడు, బయటికి పొమ్మన్నాడు, చివరికి రెండు ముక్కలు చేర్చాడు.

*

నర్సవ్వ వాళ్లు ఉధ్నా స్టేషన్‌లో రైలెక్కే రోజున ఉమాకాంత్ దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాడు. దగ్గరికి వస్తే చంపుతానని మొండయ్య ముందే చెప్పాడు. కిటికీ పక్కన కూర్చున్న నర్సవ్వ ఒళ్లో ఎర్రగుడ్డ కట్టిన ముంత ఉంది. ఆమే అతన్ని చూసి రమ్మని చెయ్యూపింది.

"గా దినం అడిగితె చెప్పకపోతివి" అంది కిటికీ ఊచల్లోంచి.

"భయమైంది అవ్వా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ భయమే."

ఆమె ముంతను రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. "తాగి సచ్చిండనుకుంట పోయేదాన్ని. గంతమట్టుకు నయం. కానీ నిన్ను సూడలేను బిడ్డా. మల్ల నాకు ఫోన్ జెయ్యకు. ఊరికి రాకు."

రైలు వెళ్లిపోయాక అతను ప్లాట్‌ఫారం మీద ఏడ్చాడు. సామాన్లు మోసేవాళ్లు ఆగి చూశారు. ఎవరో నీళ్ల సీసా ఇవ్వబోయారు. ఆ ఏడుపు పరమేశ్ కోసమో, తల్లి కోసమో, తన కోసమో విడదీయలేకపోయాడు. గొంతు పగిలి వికారంగా శబ్దం వస్తోంది. ఆపుకోవాలని అనిపించలేదు.

కేసు ప్రమాదమని తేలింది. ఉమాకాంత్‌ను కార్ఖానాలోకి రానివ్వలేదు. ఆ వీధిలో మిగతా కార్ఖానాల వాళ్లు కూడా అతన్ని చూస్తే పని లేదన్నారు. పాత తోటివాళ్లలో కొందరు దారిలో కనిపిస్తే తల తిప్పుకున్నారు. మూల మగ్గం దగ్గర వైరింగ్ అంతా మార్చారని వాళ్లలో ఒకడు చెప్పి, చెప్పానని ఎవరికీ చెప్పొద్దన్నాడు. చాలా రోజుల తర్వాత పర్వత్ పాటియా అవతల ఒక చిన్న షెడ్డులో మగ్గం నడిపే పని దొరికింది. అక్కడ అతను మాస్టర్ కాదు.

ఇంట్లో ఇదివరకు లేని కొట్లాటలు మొదలయ్యాయి. భాగీరథి అరిస్తే అతనూ అరుస్తున్నాడు. "ఇప్పుడొచ్చింది నోరు" అని ఆమె కన్నీళ్లతో అంటుంది. ఒక్కోసారి తిండి తినకుండా పడుకుంటారు. పొద్దున లేచి, రాత్రి అన్న మాట నిజంగా అనుకున్నదేనా అని ఆమె అడుగుతుంది. కొన్నిటికి అవునంటాడు, కొన్నిటికి కాదంటాడు.

ఒక ఆదివారం పొద్దున కొత్త షెడ్డులో పనిచేసే రాజమల్లు ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. షెడ్డు యజమాని తమ్ముడు పనివాళ్ల మీద చెయ్యి చేసుకుంటున్నాడట. ఉమాకాంత్‌కు గుజరాతీ బాగా వచ్చని ఎవరో చెప్పారట.

"నువ్వు జర మాట్లాడన్నా. మంచిగ, ఆయనకు కోపం రాకుంట."

"వస్త" అన్నాడు ఉమాకాంత్. "కానీ మీరెట్లంటె గట్లనే చెప్త. మంచిగ జేసి చెప్ప. నాకు చేతగాదిగ."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రాజమల్లు టీ గ్లాసు కింద పెట్టాడు. "గట్లయితె వద్దులే అన్నా. ఉన్న పని పోతది. వేరేటోన్ని సూసుకుంటం."

వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. ఉమాకాంత్‌కు ఒంట్లో వేడి పుట్టి చెవుల దాకా పాకింది. కోపం. వాళ్ల మీద, ఆ యజమాని తమ్ముడి మీద, తన మీద. ఇప్పుడు దాన్ని గుర్తుపట్టగలుగుతున్నాడు. గబగబా వరండాలోకి వచ్చి రెయిలింగ్ పట్టుకుని కిందికి అరిచాడు.

"రాజమల్లూ! పైన రేకు కారుతున్నది మన షెడ్డుల. నీళ్లు కరెంటు బోర్డు మీదికే వస్తున్నయ్. గా సంగతి మాత్రం నేను రేపే పొయ్యి చెప్త. మీరు అడగకున్నా చెప్త!"

వీధిలో కూరగాయలు బేరమాడుతున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. రాజమల్లు ఆగలేదు. భుజాలు ముడుచుకుని, మిగతా ఇద్దరితో కలిసి సందు మలుపు తిరిగాడు.